యోనా గుర్రం, మూడు దినాల పందెం

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్దికాలం సంగతి ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఊళ్ళో ఎటు చూసినా గుడారాలే. ఒక గుడారంలో ఫైళ్ళు, పక్క గుడారంలో ఆ ఫైళ్ళు రాసే గుమాస్తాలు, ఆ పక్కన వాళ్ళ పొయ్యిలు. దుమ్ముగాలి లేచిందంటే ప్రభుత్వం మొత్తం లేచి తలా ఒక మేకు పట్టుకుని కూర్చునేది. మద్రాసు నుంచి, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులకు కాపురానికి ఇల్లు దొరకడం గగనం, స్నానానికి నీళ్ళు దొరకడం అంతకన్నా గగనం. అటువంటి రోజుల్లో అక్కడి ఆడపిల్లల బడి ఒకదానిలో నాకు డ్రిల్లు టీచరుగా ఉద్యోగం దొరికింది. మనిషిని సన్నగా ఉండేదాన్ని గాని గొంతు మాత్రం లావు. నేను "అటెన్షన్" అన్నానంటే బడి పిల్లలే కాక బజారులో పోయే జట్కా గుర్రాలు కూడా నిలబడేవని మా హెడ్మిస్ట్రెసమ్మ నలుగురిలో చెప్పి నన్ను మెచ్చుకునేది (మెచ్చుకోలేమో అని అప్పట్లో అనుకునేదాన్ని).

మా బడికి గదులు ఉన్నాయి, గంట ఉంది, చుట్టూ ప్రహరీ ఉంది, ఆటస్థలం మాత్రం లేదు. అందుకని సాయంత్రం పూట పిల్లలను వరసగా నడిపించుకుంటూ పోలీసు మైదానం అంచుకు తీసుకుపోయి అక్కడ డ్రిల్లు చేయించేదాన్ని. ఇది మా బడి కమిటీ ప్రెసిడెంటు రెడ్డిగారికి ఏమాత్రం నచ్చేది కాదు. పెద్ద భూస్వామి, మంచి మనిషే. కానీ ఆడపిల్ల చేతులు చాచి ఎగిరితే లోకం తలకిందులవుతుందని ఆయన నమ్మకం. "చేతులూ కాళ్ళూ ఊపేదానికి బడి యాలమ్మా టీచరమ్మా? ఇంట్లో కసువు ఊడిసినా అదే గదా!" అని కనబడినప్పుడల్లా అనేవారు. వచ్చే ఏటి నుంచి డ్రిల్లు తీసేయాలని కమిటీలో మాట నడుస్తోందని కూడా నా చెవిన పడింది. డ్రిల్లు పోతే డ్రిల్లు టీచరు ఎందుకు? రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ ప్రశ్నే ముద్దకు అడ్డం పడేది.

ఒక సాయంత్రం పిల్లలతో మైదానానికి వెళ్ళేసరికి అక్కడ సున్నంతో గీతలు గీసి, మధ్యమధ్య వెదురుకడ్డీలు అడ్డంగా కట్టి ఉన్నాయి. వాటి నడుమ తెల్లమీసాల పెద్దాయన ఒకాయన చేతికర్ర ఊపుతూ తిరుగుతున్నాడు. ఆయన్ను ఊరంతా రిసాల్దారు సాబు అనేది. గుర్రపుదళంలో చేరి దేశాలు తిరిగి యుద్ధం చేసి, పింఛను పుచ్చుకుని సొంత ఊరు చేరిన మనిషి. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ వారమంతా ఈడ గుర్రమెక్కేటోళ్ళకే జాగా బేటీ. పిల్లోళ్ళను తోలుకోని పో."

"నేనూ గుర్రమెక్కుతా సాబ్," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నా వెనక నిలబడిన పిల్లల ముఖాలు వాడిపోవడం చూసి నోరు తనంతట తాను అనేసింది.

ఆయన నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి, నా కాళ్ళను కాస్త ఎక్కువసేపు చూశాడు. "యాడ నేర్చినావు?"

నిజమే చెప్పాను. మా నాయన డోన్ పక్క పల్లెలో పాదిరి. చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న క్రైస్తవ సంఘాలను చూసుకోవడానికి మిషనువాళ్ళు ఆయనకు ఒక చిన్న గుర్రాన్ని ఇచ్చారు. నేను బడికి పోయే వయసు నుంచీ ఆ గుర్రం మీద నాయన ముందర కూర్చుని తిరిగినదాన్ని. ఆయనకు చలిజ్వరం వచ్చినప్పుడల్లా పల్లెలకు కబుర్లు మోసుకుపోయింది నేనే. బెల్లం రంగు గుర్రం, పొట్టిది, పొట్ట పెద్దది. నాయన దానికి యోనా అని పేరు పెట్టాడు. బైబిలులో దేవుడు తూర్పుకు పొమ్మంటే పడమటికి పడవెక్కిన ప్రవక్త పేరది. గుర్రం తీరు కూడా అచ్చం అదే.

"ఇది రేసు కాదు," అన్నాడు రిసాల్దారు సాబు. "రేసులో గుర్రం ఉరుకుతాది, మనిషి పట్టుకోని యాలాడతాడు. ఇది మా పల్టన్లలో ఆఫీసర్లకు పెట్టే పరీక్ష. మూడు దినాలు. ఒకే గుర్రం, ఒకే మనిషి. మొదటి దినం అదబ్. అంటే మర్యాద. చెప్పినట్ల నడుస్తాదా, నిలబడమంటే నిలబడతాదా అని చూస్తాం. రెండో దినం దమ్. రాళ్ళల్లో, వంకల్లో, కంచెల మీద ఊపిరి నిలుపుకోని పోవల్ల. మూడో దినం దిల్. అంత అలిసినాంక, పొద్దున లేసి మళ్ళా కడ్డీలు దూకల్ల. ఆ దినం కాళ్ళు కాదు, గుండె పని చేస్తాది."

"మార్కులు ఎట్ల వేస్తారు సాబ్?"

"మార్కులు ల్యా. తప్పులే లెక్కేస్తాం. ఎవురి తప్పులు తక్కువో వాళ్ళు గెలిచినట్ల."

(ఈ పద్ధతి మా బడిలో ఉండి ఉంటే లెక్కల్లో నేను అందరికన్నా వెనక ఉండేదాన్ని.)

సరిగ్గా అప్పుడే మా ప్రెసిడెంటుగారు కొడుకును వెంటబెట్టుకుని అక్కడికి వచ్చారు. చిన్నరెడ్డి బెంగుళూరులో చదువుకుని వచ్చినవాడు, పందెం కోసం అక్కడినుంచి సుల్తాన్ అనే నల్లగుర్రాన్ని కూడా రప్పించాడు. నా సంగతి వినగానే ప్రెసిడెంటుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పాదిరి గుర్రమా! సరే కానీమ్మా. నువ్వు ఈ పందెం గెలిస్తివా, బడి వెనక ఉండే మా చేను ఆడపిల్లోళ్ళ ఆటకు రాసిస్తా. గెలవకపోతివా, ఇంగ డ్రిల్లు మాట ఎత్తగూడదు."

అంతమంది ముందర అన్నారు. పిల్లలు విన్నారు. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు.

డోన్ వైపు రైల్లో పోయే ఒకరి చేత నాయనకు కబురంపాను. పందెం ముందురోజుకు నాయన వచ్చాడు, గుర్రమెక్కి కాదు, గుర్రం పక్కన నడుచుకుంటూ. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. "ఎక్కి రావొచ్చు గదా నాయనా!" అంటే, "పందెం ఆడేది అది గదా పాపా. దాన్ని అలిపిస్తే ఎట్ల?" అన్నాడు. ఆ మాటకు ఏడుపొచ్చింది. అంతలో యోనా నా భుజం మీద చీర చెంగు నమలడం మొదలుపెట్టింది, ఏడుపు పోయింది.

ఉడుపుల విషయంలో పెద్ద చర్చ జరిగింది. టీచరు లాగు తొడుక్కుని నలుగురిలోకి వస్తే బడి పరువు పోతుందని హెడ్మిస్ట్రెసమ్మ. చీరతో జీను మీద కూర్చుంటే నేనే పోతానని నేను. చివరకు నాయన పాత ఖాకీ లాగు మీద చీరను గోచీ పోసి బిగించి కట్టుకోవాలని రాజీ కుదిరింది. అద్దంలో చూసుకుంటే కింద సగం పోలీసు, పైన సగం పేరంటాలు.

మొదటిరోజు జనం విరగబడ్డారు. గుడారాల్లో ఫైళ్ళు ఒంటరిగా మిగిలిపోయాయి. మైదానం మధ్యలో బల్ల వేసుకుని న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. గుండ్రంగా తిరగాలి, దుడుకు నడక నుంచి మామూలు నడకకు దిగాలి, చివరికి బల్ల ముందర నిలిచి సలాం చేసి వెళ్ళిపోవాలి. పందెంలో దిగింది మొత్తం నలుగురం. చిన్నరెడ్డి సుల్తాన్ నీళ్ళు పారినట్టు తిరిగింది. పశువుల డాక్టరు గుర్రం ఫరవాలేదనిపించింది. సర్కిల్ ఇన్స్పెక్టరు గుర్రం సలాం దగ్గర నిలవక బల్ల చుట్టూ మరో ప్రదక్షిణం చేసింది. ఆ తరువాత నా వంతు. ఆశ్చర్యం, యోనా చెప్పినట్టు విన్నది. బల్ల ముందుకు రాగానే నాలుగు కాళ్ళూ సమానంగా పెట్టి, తల వంచి, రాతిబొమ్మలా నిలబడింది. న్యాయనిర్ణేతలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెచ్చుకోలుగా తలలూపారు. సలాం చేశాను. మడమతో తట్టాను. కదలలేదు. మళ్ళీ తట్టాను. ఊహూఁ. చెవి కూడా ఆడించలేదు.

అప్పుడు వెలిగింది నాకు. బల్ల వెనక కుర్చీలు, కుర్చీల్లో మనుషులు, చుట్టూ జనం. అది చూసిన యోనా ఇదేదో సంఘం కూడిక అనుకుంది. నాయన ప్రసంగం చెప్పేటప్పుడు అది ఇలాగే గంటలతరబడి నిలబడుతుంది. ఎప్పుడు కదలాలో దానికి బాగా తెలుసు. సిగ్గు చంపుకుని వంగి దాని చెవిలో మెల్లగా "ఆమెన్" అన్నాను. లాభం లేదు. పల్లెల్లో ఎవరు ఆమెన్ అంత మెల్లగా అంటారు? కళ్ళు మూసుకుని, డ్రిల్లు గొంతుతో, "ఆమెన్!" అని అరిచాను. అంతే, జనంలో నిలబడిన మా నాయన జీవితకాలపు అలవాటు కొద్దీ "ఆమెన్!" అన్నాడు. పందెం చూడవచ్చిన సంఘస్తులంతా "ఆమెన్!" అన్నారు. యోనా తల ఎగరేసి, తోక జాడించి, ఇంటికి వెళ్ళే హుషారుతో మైదానం దాటింది. నవ్వులు హంద్రీ ఏటి అవతలికి వినబడి ఉంటాయి. గుర్రంతో మాట్లాడితే తప్పు వేయాలని ఒక న్యాయనిర్ణేత అన్నాడట. "మాట్లాడింది గుర్రంతో కాదు, దేవునితో. దానికి తప్పేసేంత పెద్దోడివా నువ్వు?" అని రిసాల్దారు సాబు అడిగాడట. తప్పు పడలేదు.

రెండోరోజు ఊరి బయట. రాళ్ళచేలు, గుట్టవాలు, కంపకంచెలు, నాపబండలు నిలువుగా పాతిన చేనిగట్లు, మధ్యలో ఒక వంక. ఒక్కొక్కరినే కాస్త కాస్త ఎడంతో వదిలారు. ఒక్కో అడ్డంకి దగ్గర ఒక్కో కానిస్టేబులును పెట్టారు, తప్పులు చూడడానికి. నా ముందర చిన్నరెడ్డి వెళ్ళాడు, దుమ్ము తప్ప మనిషి కనబడలేదు. యోనా తీరుబడిగా బయలుదేరింది. కంప కంచె కనబడగానే మాత్రం దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. అవతల పచ్చటి జొన్నచేను. ఎగిరి దూకింది! నాయన సగం జీవితం ఊళ్ళవాళ్ళకు యోనా తరఫున క్షమాపణలు చెప్పడంతోనే గడిచింది. రాత్రిపూట తాడు తెంపుకుని కంచెలు దూకి జొన్నచేలల్లో పడడంలో అంత ఆరితేరిన గుర్రం అది. ఆ దొంగతనమంతా సాధన కింద పనికివస్తుందని ఎవరనుకున్నారు? కంచె తరువాత కంచె, బండ తరువాత బండ, ఒక్కదాన్ని కూడా తాకలేదు. రాళ్ళల్లో అడుగు వెతుక్కుంటూ మేకపిల్లలా నడిచింది. దాన్ని చేలల్లోంచి బయటికి లాగడమే నా పని అయింది.

వంక దగ్గరికి వచ్చేసరికి అక్కడ సుల్తాన్ బురదలో కడుపుదాకా దిగబడి ఉంది. చిన్నరెడ్డి కొంచెం దూరంలో కూర్చుని ఉన్నాడు. తల నుంచి కాలిదాకా ఒకే రంగు. అక్కడ ఉండాల్సిన కానిస్టేబులు తంగేడు పొదల వెనక బీడీ వెలిగించుకుంటున్నాడేమో, కనబడలేదు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"దెబ్బ ల్యా టీచరమ్మా. మానం పోయె," అన్నాడు.

నేను ముందుకు పోవచ్చు. పోతే గెలుపు దగ్గర పడుతుంది. కానీ బురదలో గుర్రం కళ్ళు తిప్పుతూ భయంతో ఊగిపోతోంది. అది అట్లాగే కొట్టుకుంటే కాలు విరుగుతుంది. దిగాను. నా చెంగు విప్పి సుల్తాన్ కళ్ళకు అడ్డం పట్టి, మెల్లగా మాట్లాడుతుంటే అది నెమ్మదించింది. చిన్నరెడ్డి వెనకనుంచి, నేను కళ్ళెం పట్టి ముందునుంచి, ఇద్దరం కలిసి గట్టుకు లాగాము. జీనెక్కాక అతను తల వంచుకుని అన్నాడు, "నేను పడిన సంగతి ఎవురికీ చెప్పొద్దు టీచరమ్మా. మా నాయనకు తెలిస్తే బతకనియ్యడు." సరేనన్నాను. సుల్తాన్ నన్ను దాటి ఎగిరిపోయింది. నేను ఆలస్యంగా చేరాను, ఆలస్యానికి తప్పులు పడ్డాయి. సర్కిల్ ఇన్స్పెక్టరు దారితప్పి ఏదో పల్లెలో మజ్జిగ తాగుతూ దొరికాడు. చివరికి మిగిలినది ముగ్గురం. మొదట చిన్నరెడ్డి, తరువాత పశువుల డాక్టరు, ఆఖరున నేను.

మూడోరోజు పొద్దున గుర్రాలను నడిపించి చూశారు, కుంటుతున్నదేదైనా ఉంటే ఆపేస్తారు. మూడూ నిలిచాయి. వెనకబడినవాళ్ళే ముందు దూకాలని నియమం, అంటే నేనే మొదట. మైదానంలో రంగులు పూసిన వెదురుకడ్డీలు, ఒకదానికన్నా ఒకటి ఎత్తు. యోనా మొదటి కడ్డీ దాకా వెళ్ళి, తొంగి అవతల చూసింది. జొన్న లేదు, ఆకు లేదు, వట్టి ఎర్రమన్ను. ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు, దాని మెడ మీదికి జారిపోయాను. జనం గొల్లుమన్నారు. ప్రెసిడెంటుగారి నవ్వు అందరికన్నా పైన వినబడింది. ఇంకో రెండుసార్లు ఆగితే పందెం నుంచి తీసేస్తారు. యోనాను వెనక్కి తిప్పాను. చేతుల చెమటకు కళ్ళెం జారిపోతోంది. అప్పుడు నా పిల్లలు కనబడ్డారు. మైదానం అంచున, రోజూ డ్రిల్లు చేసే చోటే, నేను చెప్పకుండానే వరసలు కట్టి నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

భయం పోగొట్టుకోవడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. "వన్! టూ! త్రీ! ఫోర్!" అని లెక్క మొదలుపెట్టాను. నా లెక్కకు నా ఒళ్ళు కుదురుకుంది, నా ఒంటికి యోనా అడుగు కుదురుకుంది. పిల్లలు అందుకున్నారు. మైదానమంతా ఒకటే లెక్క. "ఫోర్!" అన్నచోట యోనా లేచింది. ఆ చిన్న పొట్టి గుర్రం, అంత పొట్ట వేసుకుని, ఏమీ లేని ఎర్రమన్ను కోసం కడ్డీ మీదుగా ఎగిరింది! రెండోది ఎగిరింది. మూడోది ఎగిరింది. లెక్క తప్పలేదు, కడ్డీ కదలలేదు. ఆఖరి ఎత్తుకడ్డీ దాటి నేల మీద దిగినప్పుడు నాకు వినబడింది చప్పట్లు కాదు, నా గుండె.

డాక్టరు గుర్రం మూడు కడ్డీలు పడగొట్టింది. తరువాత సుల్తాన్. ఒకటి పడగొట్టింది, ఒక్కటే. రిసాల్దారు సాబు తప్పులు కూడుకుని చిన్నరెడ్డి గెలిచాడని చెప్పాడు. నాకూ అతనికీ తేడా గోరంత. ప్రెసిడెంటుగారు మీసం దువ్వుకున్నారు. నా పిల్లలు వరస చెదరకుండానే ఏడుస్తున్నారు. వంక సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. మాట ఇచ్చాను గదా అని మింగాను. ఆ ఒక్క మింగు నా జీవితంలోకెల్లా చేదైనది.

చిన్నరెడ్డి కప్పు అందుకోవడానికి వెళ్ళి చెయ్యి చాచలేదు. "సాబ్, నిన్న వంకలో నేను గుర్రం మీదినుంచి పడినా. ఎవురూ చూడల్యా. చూసిన టీచరమ్మ దిగొచ్చి నా గుర్రాన్ని బురదలోంచి లాగి, ఆలస్యమై, ఇప్పటిదాకా నోరు మెదపల్యా. నా తప్పు రాసుకోండి," అన్నాడు. రిసాల్దారు సాబు ఆ తప్పు కూడి, గెలుపు నాదని చెప్పాడు. చిన్నరెడ్డి తండ్రివైపు తిరిగి, అందరూ వినేటట్టు, "నాయనా, ఆ చేను మాట ఏమాయె?" అన్నాడు.

ప్రెసిడెంటుగారి ముఖం ఎన్ని రంగులు మారిందో చెప్పలేను. కొడుకును చూశారు, నన్ను చూశారు, ఏడుపు మాని నోళ్ళు తెరుచుకుని నిలబడిన పిల్లలను చూశారు. "మాట మాటే," అన్నారు చివరికి. "ఏమ్మా పాదిరిగారి బిడ్డా, రేపే కొలిపించుకో పో!" పిల్లలు వరసలన్నీ తెంచుకుని నామీద పడ్డారు. గట్టిగా "డిస్‌మిస్!" అన్నాను, ఎన్నడూ లేనిది ఒక్కరూ వినలేదు. నాయన మాత్రం జనంలో లేడు. ఎక్కడా అని వెతికితే మైదానం వెనక యోనా డెక్కలు ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడుస్తూ కూర్చుని ఉన్నాడు. "గెలిచినాం నాయనా!" అంటే, "శానా దూరం పోవల్ల గదా పాపా ఇంటికి, రాళ్ళేమన్నా ఇరుక్కున్నాయేమోనని," అన్నాడు. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు, చేతులకు మన్ను ఉండాదని.

ఆ చేనులోనే ఆ తరువాత ఏళ్ళకేళ్ళు డ్రిల్లు చేయించాను. మొన్నామధ్య పనిమీద కర్నూలు వెళ్ళి, మనసాగక ఆ బడి వెనకకు పోయాను. ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్నారు, మట్టిలో పొర్లుతున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. కడుపు నిండింది. లోపలికి పోదామంటే గేటు అటువైపెక్కడో ఉంది. ముందర ఉన్నది నడుమెత్తు గోడ. అటూ ఇటూ చూసి, గోడ మీద చెయ్యి వేసి, ఒక కాలు కొంచెం లేపి చూశాను. మోకాలు ససేమిరా అంది. లోపలనుంచి కాపలా అతను చూసి పరుగున వచ్చాడు.

"ఏమవ్వా, గోడ దూకుతాండావా ఏంది?"

"దూకేదాన్నే నాయనా," అన్నాను, "గుర్రం ల్యాకపోయె."